రిలీజ్ బాధ్యత నెత్తినేసుకున్న అమ్మడికి

అమ్మడూ,

వాలంటీర్లం కలిసి రాసే మన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రిలీజ్‌కి నువ్వు పంపిన షెడ్యూల్ చూశాను. ఏడు ఫీచర్లు, వాటికి ఎదురుగా ఏడుగురి పేర్లు, కింద జనవరి 14న ఫ్రీజ్ (ఆ తర్వాత కొత్త మార్పులు తీసుకోం), 31న రిలీజ్. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఇది ఆఫీసు షెడ్యూల్. ఆ ఏడుగురిలో ఒక్కరికీ మనం జీతం ఇవ్వడం లేదు కదా! ఈ మాట గుర్తుపెట్టుకుని ఇంకోసారి రాయాలి. ఎలా రాయాలో నాకు తెలిసింది చెప్తాను. అనువాదాలతో మొదలుపెట్టి, రెండు ప్రాజెక్టులకు రిలీజ్ పని చూసి, బోలెడన్ని తిట్లు తిన్నవాణ్ని కాబట్టి ఆమాత్రం చెప్పగలను.

మన ఊళ్ళో షేర్ ఆటో చూశావుగా, నిండితేగానీ కదలదు. ముందెక్కినవాడు చెమటలు కక్కుతూ ఇంకో ఇద్దరి కోసం రోడ్డుకేసి చూస్తుంటాడు. అనుకున్నవన్నీ పూర్తయ్యాకే రిలీజ్ అనే ప్రాజెక్టుల సంగతీ అంతే. వాలంటీర్లు చేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ ఉందిగా, దాని 3.0 వెర్షన్ వచ్చింది 2002 జులైలో. తర్వాతి 3.1 రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. కొత్త ఇన్‌స్టాలర్ సిద్ధం కాకపోవడం అందుకు ఒక కారణం. ఇలాంటి ఆలస్యంలో ఒక తిరకాసు ఉంది. తర్వాతి రిలీజ్ ఎప్పుడో తెలియనప్పుడు ప్రతివాడూ తన పని దీంట్లోనే పడాలని పట్టుబడతాడు. దాంతో అది ఇంకా వెనక్కి పోతుంది. ఆర్టీసీ బస్సు అలా కాదు, టైముకి కదులుతుంది. ఇది తప్పినా తర్వాతిది ఎప్పుడో బోర్డు మీద ఉంటుంది. లినక్స్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్ళు ఏటా మార్చిలో ఒకటి, సెప్టెంబరులో ఒకటి వదులుతారు. డెబియన్ కూడా ఆ 3.1 దెబ్బ తర్వాత దాదాపు రెండేళ్ళకోసారి తెస్తోంది.

అందుకని నీ కాగితంలో ఫీచర్ల ఎదురుగా ఉన్న తేదీలు కొట్టెయ్యి. "ఫలానా రోజుకి పూర్తి చెయ్యి" అని వాలంటీరుకు చెప్పే హక్కు మనకు లేదు. "ఫలానా రోజు తర్వాత తీసుకోం" అని చెప్పే హక్కు మాత్రం ఉంది. రిలీజ్ చూసేవాళ్ళ చేతిలో ఉన్నది ఆ తలుపొక్కటే. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ చూడు. కొత్త పనులు తీసుకునేది రెండు వారాలే. ఆ తర్వాత వారానికో ఆర్‌సీ (రిలీజ్‌కి ముందు పరీక్షించే వెర్షన్), అలా ఏడో ఎనిమిదో అయ్యాక అసలు వెర్షన్. తొమ్మిది పది వారాలకోసారి ఇది జరిగిపోతూనే ఉంటుంది కాబట్టి, తలుపు మూసుకుందని ఎవరూ గుండెలు బాదుకోరు.

తలుపును ఒక్కసారిగా ధడాల్న వెయ్యకూడదు. డెబియన్ 13కి 2025లో నాలుగు అంచెలు పెట్టారు. మార్చి 15న పెద్ద లైబ్రరీల (చాలా ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) మార్పులు ఆపారు. ఏప్రిల్ 15 నుంచి కొత్త ప్యాకేజీలు వద్దన్నారు, చిన్న చిన్న దిద్దుబాట్లే. మే 15న ఇంకాస్త బిగించారు. జులై 27 నుంచి ఏది రావాలన్నా రిలీజ్ బృందం చూసి ఒప్పుకోవాల్సిందే. ఆగస్టు 9న విడుదలైంది. మనది అంత పెద్ద సంసారం కాదు, మూడు తలుపులు చాలు: ఒకటి ఫీచర్లకి, ఒకటి తెరమీద కనిపించే మాటలకి, ఆఖరిది బ్లాకర్ (రిలీజ్‌నే ఆపేంత పెద్ద లోపం) కాని ప్రతి బగ్‌కీ. నువ్వు మొత్తానికి పదిహేడు రోజులు ఇచ్చావు. ఎనిమిది వారాలు చెయ్యి.

రెండో తలుపు, అదే స్ట్రింగ్ ఫ్రీజ్, నీ కాగితంలో అసలు లేదు. తెలుగు అమ్మాయివై ఉండి దీన్నెలా మర్చిపోయావే! ఓసారి ఒక ప్రాజెక్టుకి తెలుగు అనువాదం చేశాను. రెండు ఆదివారాలు కూర్చుని ఒక్కటీ మిగలకుండా పూర్తి చేశా. రిలీజ్‌కి రెండు రోజుల ముందు ఎవరో మహానుభావుడు సెట్టింగుల పేజీలో ఇంగ్లీషు వాక్యాల చివర చుక్కలు పెట్టాడు. ఉత్త చుక్కలే! కానీ మూల వాక్యంలో చుక్క మారినా గెట్‌టెక్స్ట్ అనే అనువాదాల సాధనం పాత అనువాదాన్ని ఫజ్జీ (సందేహం) అని గుర్తుపెట్టి పక్కన పెట్టేస్తుంది. ఎవరైనా చూసి సరే అనేదాకా తెరమీద ఇంగ్లీషే. రిలీజ్ రోజు తెరిచి చూస్తే ఆ పేజీ సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఆ కోపంలో ఆరు నెలలు దాని జోలికి పోలేదు. ప్రాజెక్టుకి ఏమైంది? ఒక అనువాదకుడు పోయాడు. ఇలాంటి నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు.

పైగా మనకి అనువదించడంతో పని అయిపోదు. 'సేవ్' అన్నచోట 'భద్రపరచు' వస్తే బటన్ చాలదు. వరస ఎత్తు తక్కువైతే కింద ఒత్తులు తెగిపోతాయి. అవన్నీ తెరమీద పెట్టి చూసుకోవాలి, దొరికినవి చెప్పాలి, ఎవరో ఒకరు సరిచెయ్యాలి. అందుకే మాటల తలుపు రిలీజ్‌కి నాలుగు వారాల ముందే పడాలి. ఆ తర్వాత వాక్యం మార్చాలంటే గ్నోమ్‌లో అయితే అనువాదాల బృందం అనుమతి కావాలి. ఆ పద్ధతి మనమూ పెట్టుకుందాం.

ఇక జనవరి 14. సంక్రాంతికి ఊరెళ్ళినవాడు అరిసెలు తింటూ నీ ప్యాచ్ (కోడ్‌లో మార్పు) చూస్తాడా? ముందు అందరినీ అడుగు: పరీక్షలు ఎప్పుడు, ఇంట్లో పెళ్ళిళ్ళు ఎప్పుడు, వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరు అని. వాళ్ళు చెప్పిన గంటల్లో సగమే లెక్కలో వేసుకో. అబద్ధం చెప్తారని కాదు, చెప్పేటప్పుడు అందరికీ ఉత్సాహం ఎక్కువ.

ఆలస్యం ఎలాగూ అవుతుంది. 2012లో ఫెడోరా అనే ఇంకో లినక్స్ సిస్టమ్ 18వ వెర్షన్‌కి ఇన్‌స్టాలర్ మొత్తం తిరగరాశారు. నవంబరు మొదట్లో రావాల్సింది 2013 జనవరి 15 దాకా పోయింది. పాతదానికి వెనక్కి వెళ్ళే దారి లేని పెద్ద పనిని దగ్గరలో ఉన్న రిలీజ్‌కి కట్టెయ్యకూడదని నాకు అప్పుడే తెలిసొచ్చింది. నీ ఏడింటిలో అలాంటిది ఒకటుంది, ఏదో నీకే తెలుసు. దాన్ని వేరే బ్రాంచ్‌లోనే, అంటే అసలు కోడ్‌కి పక్కన పెట్టిన విడి కాపీలోనే ఉంచు.

ఆపాల్సివస్తే ఎందుకాపుతున్నామో తెలియాలి. ఏది బ్లాకర్, ఏది కాదు అన్నది ఇప్పుడే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే రాసుకోండి. చివరి వారంలో ఎవరి బగ్ వాళ్ళకి బ్లాకరే. 2022 అక్టోబరు చివర్లో, నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో చాలా తీవ్రమైన లోపం ఉందని, నవంబరు 1న సరిచేసిన వెర్షన్ ఇస్తామని ప్రకటన వచ్చింది. వివరాలు బయటికి రాలేదు. ఫెడోరా 37 వాళ్ళు ఆగి, నవంబరు 15న వదిలారు. తీరా చూస్తే అది మొదట చెప్పినంత తీవ్రం కాదని తేలింది. అయినా వాళ్ళు ఆగింది సబబేనంటాను. ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ 2006 ఏప్రిల్‌లో రావాల్సిన వెర్షన్‌కి ఆరు వారాలు కావాలని మార్చిలోనే చెప్పేసి జూన్ 1న తెచ్చింది. వెర్షన్ నంబరులోనే నెల ఉంటుంది కాబట్టి 6.04 కాస్తా 6.06 అయింది. ముందే చెప్పారు కాబట్టి పెద్ద గొడవ లేదు. అదే ముందురోజు రాత్రి చెప్పి ఉంటే?

రిలీజ్ శుక్రవారం సాయంత్రం అన్నావు. శనివారం పొద్దున పెట్టు. డెబియన్ 12, 13 రెండూ శనివారమే వచ్చాయి. ఉద్యోగాలవాళ్ళు వారాంతం రిలీజ్ అంటే భయపడతారు, కానీ మనవాళ్ళు ఖాళీగా దొరికేదే అప్పుడు. ఫైళ్ళ మీద డిజిటల్ సంతకం చేసే కీ నీ ఒక్కదాని దగ్గరే ఉందట, ఇంకొకరికీ ఆ అధికారం ఇప్పించు. జ్వరం ఎవరికైనా వస్తుంది. రిలీజ్ నోట్స్ మాత్రం చివరికి వదలకు, ఫీచర్ తీసుకున్న రోజే దాని గురించి రెండు వాక్యాలు రాయించుకో.

మార్చిన కాగితం పంపితే ఆదివారం కూర్చుని చూస్తాను. ఈలోగా ఒకటి మాత్రం ఇవాళే సరిచెయ్యి: ఫ్రీజ్ "రాత్రి 23:59కి" అని రాశావు, ఎక్కడి రాత్రో రాయలేదు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అయితే మనకి మర్నాడు తెల్లవారుజామున 5:29. జర్మనీ కుర్రాడు అప్పుడే అడిగాడు నన్ను.

ఆశీస్సులతో,
బాబాయ్