లేత్ మీద పిచ్చుక గూడు తిప్పాలంటే ఏ కట్టె, ఎంత రంధ్రం?

అన్నా, మీరు అడిగినవి మూడు: మహబూబ్‌నగర్‌లో ఇంట్లో పెట్టుకున్న చిన్న చెక్క లేత్ (కట్టెను గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) మీద పిచ్చుక గూళ్లు తిప్పొచ్చా, ఏ కట్టె మంచిది, రంధ్రం ఎంత పెట్టాలి. తిప్పొచ్చు. మాది మిర్యాలగూడ వైపు, మంచం కోళ్లు తిప్పే పని. ఆర్డర్లు లేనప్పుడు గూళ్లు చేస్తుంటాను.

వీడియోల్లో కనిపించే ఆ బుల్లి గూళ్లు, గుండ్రటి పొట్ట మీద సన్నటి గోపురం ఉండేవి, చాలావరకు క్రిస్మస్ చెట్టుకు కట్టే అలంకారాలు. షోకేసులో బాగుంటాయి గానీ పిచ్చుక అందులో పట్టదు. నేను చెప్పేది పిట్ట నిజంగా కాపురం పెట్టే గూడు గురించి.

మొద్దు తెచ్చి లోపల తొలుద్దామనుకుంటున్నారేమో, వద్దు. నడిమి బెండు ఉన్న మొద్దు మన ఎండకు పగలక మానదు. పైగా ఎనిమిది అంగుళాల లోతు తొలవాలంటే చిన్న లేత్‌కు కష్టం, ఉలి పట్టేసిందంటే చేతికే దెబ్బ. దానికి బదులు పలకలు అతికించండి. రెండున్నర అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం, ఎనిమిది అంగుళాల పొడవుతో 8 పలకలు కోయాలి. ఒక్కో పలకకు రెండు పక్కలా 22.5 డిగ్రీల వాలు. అన్నీ కలిపితే బయట ఆరు అంగుళాలు, లోపల నాలుగున్నర అంగుళాల ఖాళీతో ఎనిమిది మూలల గొట్టం తయారవుతుంది. పిచ్చుకకు ఆ చోటు సరిపోతుంది. నీళ్లకు తట్టుకునే జిగురు రాసి, పాత సైకిల్ ట్యూబు చీరి గట్టిగా చుట్టేయండి. ఖరీదైన క్లాంపులు కూడా అంత సమంగా పట్టవు.

రంధ్రం 32 మి.మీ., అంటే అంగుళంపావు. అడుగు నుంచి అయిదారు అంగుళాల పైన రావాలి. ఇంకా పెద్దది చేస్తే గోరింకలు దూరి పిచ్చుకల్ని తరిమేస్తాయి. పలకలు చదునుగా ఉన్నప్పుడే డ్రిల్ వేసుకోండి, గుండ్రం తిరిగాక మిషన్ మీద నిలవదు. రంధ్రం కింద పుల్ల గుచ్చకండి. పిచ్చుకకు అది అవసరం లేదు, వేటాడే వాటికే ఆసరా.

రెండు కొనలకూ ప్లైవుడ్ బిళ్లలు మరలతో బిగించి లేత్‌కు ఎక్కించండి. మూలలు పోయేదాకా 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు) దాటొద్దు, గుండ్రం అయ్యాక 1000 చాలు. ముఖానికి షీల్డు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. మొదటి కోతల్లో మిషన్‌కు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి. షేపు మీద ఆశతో గోడను అరంగుళం కంటే పలచన చేయొద్దు. మే నెలలో మా నల్గొండలో 45 డిగ్రీలు దాటుతుంది, పలచటి గూట్లో పిల్లలు ఉడికిపోతాయి. సోకంతా పైకప్పు మీద చూపించుకోండి. దాన్ని విడిగా తిప్పి, చుట్టూ అంగుళంన్నర చూరు వదలండి. కప్పు కింద గాలికి రెండు చిన్న రంధ్రాలు, అడుగున నీరు కారడానికి నాలుగు పెట్టండి.

కట్టె అంటారా, తలుపులు చేసేవాళ్ల దగ్గర మిగిలే టేకు ముక్కలే నాకు ఇష్టం. ఆరిన వేప కూడా మంచిదే. తుమ్మ గట్టిది, ఉలి మాటిమాటికీ సాన పట్టాలి. దిరిసెన పొట్టుకు తుమ్ములు ఆగవు. నల్లమల వైపు నుంచి బిల్లు లేకుండా టేకు తక్కువకిస్తామని ఎవరైనా వస్తే ముట్టుకోకండి.

లోపల పాలిష్, రంగు ఏమీ వద్దు, రంపం గరుకు అలాగే ఉండనివ్వండి. పిల్లలు గోళ్లు పట్టించి పైకి ఎక్కేది దాని మీదే. బయట అవిసె నూనె ఒక పూత చాలు. ముదురు రంగు వేస్తే వేడి పీల్చుకుంటుంది.

చెట్టు కొమ్మకు వేలాడదీయకుండా చూరు కింద నీడలో, మనిషికి అందనంత ఎత్తులో, కదలకుండా గోడకు బిగించండి. ముఖం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి, పడమర ఎండ తగలొద్దు. పిచ్చుకలు గుంపు పిట్టలు కాబట్టి రెండు మూడు గూళ్లు దగ్గర దగ్గరగా పెడితే తొందరగా వస్తాయి. పిల్లలకు అవి తినిపించేది ఎక్కువగా పురుగులే, పెరట్లో మందు కొట్టడం ఆపాలి. పక్కనే ఒక వరికంకుల కుచ్చు కట్టండి. అడుగు బిళ్లకు మాత్రం జిగురు వేయకండి, మరలే ఉంచండి. పిల్లలు ఎగిరిపోయాక విప్పి పాత గడ్డి దులిపేస్తే మళ్లీ గుడ్లు పెట్టడానికి గూడు సిద్ధం.