నల్లమలకు బయలుదేరే ముందు

చిరంజీవి కార్తీక్‌కు,

మామయ్య ఆశీస్సులు. ఉగాది వెళ్లిన వారం మన్ననూరు మీదుగా నల్లమలకు వెళ్తున్నారనీ, మీ స్నేహితులు నలుగురితో పాటు ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారనీ అక్క ఫోన్లో చెప్పింది. "అక్కడ పులులుంటాయట, వాడికి కాస్త చెప్పరా" అని తన దిగులు. పులి సంగతి తర్వాత చెప్తాను, అల్లుడూ. అంతకన్నా ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

అడవిలో మృగం పనిగట్టుకుని మనిషి మీదికి రావడం చాలా అరుదు. ఉలిక్కిపడితే వస్తుంది, తప్పించుకునే దారి మూసేస్తే వస్తుంది, పక్కన తన పిల్లలుంటే వస్తుంది. నేను కింద రాసేదంతా ఈ మూడింటి చుట్టూ తిరిగేదే.

నల్లమలలో కాలినడకన వెళ్లేవాడు అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఎలుగుబంటి దగ్గర. అందులోనూ మీరు వెళ్లేది ఇప్పపూలు రాలే రోజులు. పూలు రాత్రంతా రాలి తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకుని ఉంటాయి. వాటి కోసం ఎలుగు వస్తుంది. దానికి చూపు మందం, వినికిడి అంతంత మాత్రం, ముక్కు ఒక్కటే గట్టిది. ఆ ముక్కును పూలలోనో చెదపుట్టలోనో దూర్చి బుస్సుమని పీలుస్తున్నప్పుడు మనిషి పది గజాల దగ్గరికి వచ్చినా దానికి తెలియదు. తెలిసేసరికి ఇక పారిపోయేంత ఎడం ఉండదు కాబట్టి ముందు తానే కలబడుతుంది, అదీ తలకూ ముఖానికీ గురిపెట్టి.

కాబట్టి పొద్దు బాగా ఎక్కేదాకా, సాయంత్రం ఎండ వాలాక, ఇప్పచెట్ల కిందికీ పొదల్లోకీ నడక వద్దు. పగలంతా అది బండల సందుల్లో, గుహల్లో పడుకుంటుంది. ఫొటో కోసం పెద్ద గుండ్లు ఎక్కడం, గుహలోకి ఫోన్ లైటు వేసి తొంగిచూడడం మీ వయసు వాళ్లకు సరదా. సరిగ్గా అదే దాని దారి మూసేయడం. దారిలో తవ్విన పుట్ట కనబడితే ఆగి మట్టి చూడండి. తిరగేసిన మట్టి తడిగా, ముదురు రంగులో ఉంటే రాత్రి తవ్వినదే. అంచులు ఎండి పొడిగా రాలుతుంటే పాతది. కాలి గుర్తు మనిషి పాదంలా ఉండి, వేళ్లకు ముందు కాస్త ఎడంగా గోళ్ల గీతలు ఉంటే ఇక అనుమానమే లేదు, వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

నడుస్తున్నంతసేపూ మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ నడవండి. స్పీకర్లో పాటలు పెట్టమని కాదు. మలుపుల దగ్గర, వాగు హోరు ఉన్నచోట మన మాట దానికి చేరదు, అక్కడ చేతికర్రతో బండ మీద రెండు దెబ్బలు వేయండి. కూర్చుని చూసేటప్పుడు మాత్రం నోరు మెదపకూడదు. నడకకు చప్పుడు, కూర్చుంటే మౌనం. ఈ తేడా తెలియక పిల్లిలా అడుగులు వేసుకుంటూ నడిచేవాళ్లే ఎలుగుకు ఎదురుపడతారు.

ఎదురుపడితే పరుగెత్తొద్దు, అది మనకంటే వేగం. చెట్టెక్కొద్దు, అది మనకంటే బాగా ఎక్కుతుంది. అందరూ ఒక్కచోటికి చేరి, పిల్లలను మధ్యలో పెట్టుకుని, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి. అయినా మీదికి వస్తే బోర్లా పడుకుని, రెండు చేతుల వేళ్లూ మెడ వెనక ముడివేసి, ముఖం నేలకు ఆనించాలి. వీపు మీది సంచి తీయొద్దు, అదే డాలు. అది వెళ్లిపోయాక కూడా కాసేపటిదాకా లేవొద్దు.

తేనెటీగల లెక్క వేరే. లోయల్లో కొండచరియలకు వేలాడే పెద్ద తుట్టెలు దూరం నుంచి నల్లటి మచ్చల్లా కనబడతాయి. మచ్చ మీద అలలు కదులుతున్నట్టుంటే ఈగలు అప్పటికే చిరాకులో ఉన్నాయని అర్థం. పొగ, రాయి, గట్టి కేకలు, ఘాటైన సెంటు వాటిని లేపుతాయి. ఆ పూట సెంటు, వాసన నూనె మానేయండి, బీడీ సిగరెట్ అసలే వద్దు. లేచాయంటే మాత్రం పరుగెత్తాల్సిందే: కండువాతో ముఖం కప్పుకుని, చేతులు విసరకుండా, కారులోకో గదిలోకో. నీళ్లలో దూకితే లాభం లేదు, తల పైకి తీసేదాకా పైనే తిరుగుతుంటాయి. ముల్లు ఒంట్లో ఉన్నంతసేపూ విషం దిగుతూనే ఉంటుంది, గోటితో గీకో లాగో తీసేయండి, ఎలా తీశారన్నది కాదు ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. ఊపిరాడకపోయినా, పెదవులు వాచినా, పదుల సంఖ్యలో కుట్టినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.

పాముల విషయంలో గుర్తుంచుకోవాల్సినవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. రక్తపింజరి ఎండుటాకుల్లో కలిసిపోయి, అలికిడైనా పక్కకు తప్పుకోదు. అందుకే చీలమండ దాకా వచ్చే బూట్లు, మందపాటి ప్యాంటు. అడ్డంగా పడిన దుంగను దాటేటప్పుడు ముందు దాని మీద కాలు పెట్టి, అవతల చూసి, అప్పుడు దిగాలి. ఒకేసారి దాటితే దుంగ చాటున ఏముందో కాలికే ముందు తెలుస్తుంది. కట్లపాము రాత్రిపూటది. నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కాటు చీమ కుట్టినట్టుంటుంది, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం కనిపిస్తే కాటు సంగతి గుర్తులేకపోయినా పాముకాటుగానే అనుకుని కదలండి. బసలో మంచం మీదే పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. పొద్దున బూట్లు బోర్లించి దులిపాకే తొడుక్కోవాలి.

కరిస్తే: మనిషిని కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గడియారం, గాజులు తీసేయండి (వాపు వస్తే అవే బిగుసుకుంటాయి). కరిచిన కాలినో చేతినో కర్రదన్ను పెట్టి కదలకుండా ఉంచి, టైము రాసుకుని, 108కి ఫోన్ చేయడమో కారెక్కించడమో చేయండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం ఇవేవీ వద్దు. బిగించి కడితే రక్తం ఆడక అవయవమే పోయే ప్రమాదం. పామును చంపి తీసుకెళ్లాల్సిన పని కూడా లేదు, మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు ఆ నాలుగింటికీ కలిపి ఒక్కటే. చంపబోయి రెండో మనిషి కాటు తింటుంటాడు. బయలుదేరే ముందురోజే అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రికి ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కో. లోపల సిగ్నల్ ఉండదు, కాబట్టి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక కాగితం మీద రాసి బసలో ఇచ్చి వెళ్లండి.

ఇవన్నీ ఎప్పుడో జరిగేవి. ఎండ మాత్రం రోజూ జరిగేదే. పెద్దవాళ్లకు తలకు 4 లీటర్లు, పిల్లలకు 2 లీటర్ల నీళ్లు కారులో కాదు, భుజాన ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకు కీడు చేస్తుంది. కలిపింది ఒక్క రోజే పనికొస్తుంది. ఎవరైనా తలనొప్పి, వికారం అంటే నీడకు చేర్చి కూర్చోబెట్టండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా మరగబెట్టకుండా తాగొద్దు. పొద్దున గేటు తీసేసరికి అక్కడుండి, ఇప్పచెట్లూ పొదలూ లేని దారిన 11 లోపు నడక ముగించుకుంటే సగం కష్టాలు ఎదురే కావు.

గేటంటే గుర్తొచ్చింది. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రోడ్డు మూసేస్తారు. 8.45కి చెక్‌పోస్టు దాటి అడవిలో రేసు పెట్టే బాపతులో మీరు చేరొద్దు. పగలైనా గంటకు 40 దాటకండి. ఒక దుప్పి రోడ్డు దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుందని ఆగండి, హారన్ కొడితే అది బెదిరి చక్రాల కిందికే వస్తుంది. కృష్ణకు ఇవతల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, అవతల నాగార్జునసాగర్–శ్రీశైలం. రాష్ట్రం విడిపోయాక రెండూ వేరు వేరు శాఖల కింద ఉన్నాయి, ఇవతలి అనుమతి అవతల చెల్లదు. నడకకు అటవీశాఖ వాళ్లు చూపిన దారి, వాళ్లు పంపిన మనిషి తప్ప వేరే దారి వద్దు. ఆ మనిషి చెంచు అయితే మీ అదృష్టం. ఆయన ఆగితే ఆగండి, ఎందుకని తర్వాత అడగండి. పెంటల (చెంచుల గూడేల) దగ్గర అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు, పిల్లలకు చాక్లెట్లు పంచొద్దు.

కోతులకు అరటిపండు వేయడం పుణ్యమనుకుంటారు చాలామంది. ఆ పండు కోసమే అవి రోడ్డు మీద కూర్చుని బండ్ల కింద పడుతున్నాయి. చిప్స్ ప్యాకెట్‌కు అంటిన ఉప్పు వాసనకు జంతువు కవరుతో సహా మింగుతుంది. తీసుకెళ్లిన ప్రతి కవరూ తిరిగి కారులోనే రావాలి. ఇక చైత్రంలో అడవంతా ఎండుటాకే, వంటలూ చలిమంటలూ ఊసెత్తొద్దు, చట్టప్రకారం అది నేరం కూడా.

ఇప్పుడు పులి. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్‌లో సఫారీ జీపు తిరిగేది ఒక మూల. కనబడకపోతే డబ్బులు దండగ అనుకునేవాళ్లను వెంట తీసుకెళ్లకు. పులి కనిపించేకన్నా ముందు వినిపిస్తుంది, అదీ వేరే గొంతులతో. చెట్టు మీది కొండముచ్చు 'ఖక్, ఖక్' అని దగ్గినట్టు అరుస్తుంది, కింద దుప్పి తోక పైకెత్తి, ముందుకాలు నేలకేసి కొడుతూ ఒకవైపే చూస్తూ కూస్తుంది. ఒక్క దుప్పి ఒకసారి కూస్తే దేనికో బెదిరి ఉండొచ్చు. రెండు జాతులు కలిసి ఆపకుండా అరుస్తుంటే జీపు ఇంజన్ ఆపించి, దుప్పి చూస్తున్నవైపే మీరూ చూడండి. నడకలో ఎదురైతే పిల్లలను దగ్గరికి తీసుకోండి, కూర్చోవద్దు, వంగొద్దు, కళ్లు దాని మీదే ఉంచి వెనక్కి జరగండి. జంతువుల కోసం నీళ్లు నింపే సాసర్‌పిట్‌కు జీపు మరీ దగ్గరగా పెట్టించకండి. మీరు అరగంట అక్కడే ఉంటే, పొదలో ఆగిన కణితి జింకకు అరగంట దాహం.

చూడాలన్న సరదా తీరేది నిజానికి పిట్టలతోనే. ఆకు రాలిన అడవిలో పాలపిట్ట, వడ్రంగిపిట్ట తేలిగ్గా దొరుకుతాయి. 8 రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ చాలు. 10 రెట్లదైతే చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది. ముందు రెండు గొట్టాలనూ దగ్గరికీ దూరానికీ వంచి రెండు వలయాలు ఒకటిగా కనబడేలా సరిచేసుకో. కుడి గొట్టం మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి స్పష్టం చేసుకో. తర్వాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గరి రింగుతో అదే కొమ్మను స్పష్టం చేసుకో. ఆ రింగు ఇక కదపకు, ఆపైన మధ్య చక్రం ఒక్కటే. పిట్ట కోసం అద్దాల్లోంచి వెతకకూడదు. కళ్లు దాని మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. ఫోన్లో దాని కూత పెట్టి పిలవడం, గూడు దగ్గరికి వెళ్లడం రెండూ మానేయండి, తల్లి గూడు వదిలితే ఈ ఎండకు గుడ్లు మాడిపోతాయి.

తిరిగొచ్చాక ఆ రాత్రే అందరూ స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో వేయండి. చంకలు, గజ్జలు, చెవుల వెనక పిడుదులున్నాయేమో చూడండి. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టి నిటారుగా లాగాలి, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పోయడం వద్దు. రెండు మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా నొప్పిలేని నల్లటి పొక్కు ఉంటే అదీ చూపించండి. అలాంటి పొక్కుతో వచ్చే జ్వరం స్క్రబ్ టైఫస్ కావచ్చు. దానికి మందు తేలికే, అది అదేనని తట్టకపోవడమే కష్టం.

బైనాక్యులర్ నా దగ్గర ఉంది, శుక్రవారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. పట్టీ మెడలో వేసుకోకుండా ఎవరి చేతికీ ఇవ్వకు, పిల్లలకైతే మరీ.

మీ మామయ్య