మూడు తెరలకు ఒకే ఫ్రేమ్‌వర్క్

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల కోసం నువ్వు, నీ స్నేహితురాలు తలపెట్టిన యాప్ వివరాలు చదివాను. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్ భాషలో, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలో, కొనుగోలుదారుల ఆఫీసుకు వెబ్‌లో అంటూ మూడుసార్లు రాయాలనుకుంటున్నారు. వద్దమ్మా. ఫ్లటర్ గానీ రియాక్ట్ నేటివ్ గానీ, ఒక్క ఫ్రేమ్‌వర్క్ (ఒకసారి రాసిన కోడ్‌తోనే ఫోన్లకూ వెబ్‌కూ యాప్ కట్టిపెట్టే సరంజామా) ఎంచుకుని అన్నీ అందులోనే కట్టండి.

శ్రమ తగ్గుతుందని అందరూ చెబుతారు. అన్ని తెరలూ ఒకే మాట చెప్పడం నాకు అంతకంటే ముఖ్యం. కౌంట్ సంగతే చూడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. ఇది తెలియని ప్రోగ్రామర్ ఒకచోట ధరల పట్టికను తిరగేసి పేర్చాడనుకో, గట్టు మీద రైతు చూసే వరుస ఒకటి, ఆఫీసులో కొనేవారు చూసేది మరొకటి అవుతుంది. బేరం అక్కడే చెడుతుంది. పట్టిక ఒకేచోట రాసి ఉంటే ఆ తేడాకు తావుండదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయినప్పుడు వచ్చే హెచ్చరిక కూడా యజమాని ఐఫోన్‌లోనూ, కాపలా మనిషి చవక ఫోనులోనూ ఒకే రంగులో, ఒకే మాటతో కనిపించాలి.

తెలుగు విషయంలో ఈ మేలు ఇంకా ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా పెట్టిన వరుస ఎత్తులో ‘ఉష్ణోగ్రత’ అని రాస్తే వత్తుల అడుగు తెగిపోవచ్చు. అన్ని తెరల రూపాన్నీ ఒకేచోట నిర్ణయించే థీమ్‌లో ఒక్కసారి సరిచేస్తే అంతటా సరవుతుంది.

రెండింటిలో ఏది అంటావా? రియాక్ట్ నేటివ్ ఫోనులో ఉన్న సొంత బటన్లనే వాడుకుంటుంది. ఫ్లటర్ తన బటన్లను తానే గీస్తుంది కనుక ఏ ఫోనులోనైనా దాదాపు ఒకేలా ఉంటుంది. మీ పనికి నేనైతే ఫ్లటరే తీసుకుంటాను. వెబ్‌లో మొదటిసారి తెరుచుకోవడం కాస్త ఆలస్యమే కానీ, ఆఫీసువాళ్లు పొద్దస్తమానం తెరిచే ఉంచుతారు, ఫరవాలేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఫ్రేమ్‌వర్క్‌లు శాశ్వతం కావు. మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో ఇలాంటిదే అయిన తన ఫ్రేమ్‌వర్క్ జామరిన్‌కు మద్దతు ఆపేసింది. దాన్ని నమ్ముకున్నవారు మరోదానికి మారవలసి వచ్చింది. అందుకే మేత లెక్కలు, ధర లెక్కలు తెరల కోడ్‌లో కలపకుండా విడిగా రాసుకోండి. రేపు మారాల్సి వచ్చినా తెరలే మారతాయి, లెక్కలు నిలుస్తాయి.

ముందు ధరల పట్టిక ఒక్కటే కట్టి, పాత ఆండ్రాయిడ్ ఫోనులో, మిట్టమధ్యాహ్నం ఎండలో, గట్టు మీద నిలబడి చదివి చూడండి. అక్షరాల సైజు బాగా పెంచుకున్న ఫోనులోనూ చూడండి. మన పెద్దవాళ్లు చాలామంది అలాగే వాడతారు. అది కుదిరాకే మిగతా తెరలు మొదలుపెట్టండి.

ఇట్లు,
మీ పెదనాన్న