కరోనా పోయింది, మరి అమ్మాయి చదువు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. డీఎన్‌ఏ వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ల యాంటీబాడీలు కొత్త వేరియంట్ల మీద ఎంతవరకు పనిచేస్తాయన్న సెమినార్ ఒకటి విన్నప్పటి నుంచి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ అని పట్టుబట్టింది. కరోనాయే పోయింది, ఆ వ్యాక్సిన్ పేరు ఎత్తేవాళ్లే లేరు. మేం ఎంబీఏ చేయిద్దామనుకుంటున్నాం. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ భయం ఉత్తది కాదండి. అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ క్యాడిలా చేసిన జైకోవ్-డికి 2021 ఆగస్టులో అత్యవసర అనుమతి వచ్చింది. మనుషులకు అనుమతి పొందిన మొదటి డీఎన్‌ఏ వ్యాక్సిన్, అంటే వైరస్ ప్రొటీన్‌ను ఒంట్లోనే తయారుచేయించే డీఎన్‌ఏ ముక్కను ఇచ్చే టీకా, అదే. సూది లేకుండా చర్మంలోకి మూడు డోసులు. డెల్టా రోజుల్లో జరిగిన ట్రయల్స్ మధ్యంతర ఫలితాల్లో 66.6 శాతం రక్షణ కనిపించింది. అయినా మన వీధిలో అది వేయించుకున్నవాళ్లు కనబడరు. ఆ ఒక్క వ్యాక్సిన్‌నే నమ్ముకుని చదువుతానంటే నేనూ వద్దనేవాణ్ణే.

కానీ ఆ సెమినార్‌లో మీ అమ్మాయి విన్నది వ్యాక్సిన్ గురించి మాత్రమే కాదు, యాంటీబాడీలు ఎంత పనిచేస్తాయో కొలవడం గురించి. ఒమిక్రాన్ వేరియంట్ స్పైక్ ప్రొటీన్‌లో (వైరస్ పైన ముళ్లలా ఉండే భాగంలో) 30కి పైగా మార్పులు వచ్చాయి. పాత స్పైక్‌ను చూసి తయారైన యాంటీబాడీ కొత్తదానికి అతుక్కోవచ్చు, అయినా వైరస్‌ను ఆపలేకపోవచ్చు. అతుక్కుంటుందో లేదో ఎలీసా అనే ల్యాబ్ టెస్ట్ చెబుతుంది. ఆపుతుందో లేదో తెలియాలంటే న్యూట్రలైజేషన్ టెస్ట్ చేయాలి. మజ్జిగలో నీళ్లు పోస్తూ పోతే ఎక్కడో ఒకచోట పులుపు తెలియకుండా పోతుంది కదా, అలాగే సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే, యాంటీబాడీలుండే ద్రవాన్ని) పలచన చేసుకుంటూ పోయి ఎంతవరకు వైరస్‌ను ఆపుతోందో చూస్తారు.

ఈ పని కరోనాతో పోయేది కాదు. కుక్క కాటు టీకా వేసుకున్నాక మిల్లీలీటరుకు కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్ల యాంటీబాడీలు ఉన్నాయా అని తేల్చేదీ ఇలాంటి టెస్టే. హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ, ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ఉన్నాయి. టీకాలు చేసేచోట క్వాలిటీ కంట్రోల్, క్లినికల్ ట్రయల్ శాంపిళ్ల పరీక్ష ఎప్పుడూ ఉండేవే. అయితే మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చేలా ఉండవు, ఇది ముందే తెలిసి దిగాలి.

ఎమ్మెస్సీకి గ్యాట్-బి (బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్ష), ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ ఎంట్రన్సులు రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, దానిపైన ఇంటి అద్దె భత్యం. పీహెచ్‌డీ అయిదారేళ్లు మింగుతుంది. పెళ్లి లెక్కలు మీ ఇంట్లో ఉంటే ఆ మాట ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడుకోండి, మధ్యలో కాదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకు కన్నా సీనియర్ల మాట వినండి. సెల్ కల్చర్ (ల్యాబ్‌లో జీవకణాలను పెంచడం) పిల్లల చేత చేయిస్తున్నారా, దూరం నుంచి చూపిస్తున్నారా? చుక్కకన్నా తక్కువ ద్రవాన్ని కొలిచి తీసే మైక్రోపిపెట్ సరిగా పట్టడం రాని ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు వాళ్లను చాలామందిని నా ముందే చూశాను.

ఏదీ తేల్చేముందు ఈ సెలవుల్లో ఒక నెల ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కు పంపండి. ఇలాంటి టెస్టులకు వాడే 96 చిన్న గుంటల ప్లాస్టిక్ ప్లేటు నింపడం, తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి నింపడం, రోజంతా ఇదే. నెల తర్వాత కూడా అమ్మాయి ఇదే కావాలంటే గ్యాట్-బి ఫారం నింపించండి. వద్దంటే ఎంబీఏ ఉండనే ఉంది. ఎమ్మెస్సీ చేసినా ఎంబీఏ ఎటూ పోదు, ఆ తర్వాత కూడా చేయొచ్చు.