స్టార్‌బక్స్ కేస్ స్టడీ రాసేముందు క్యూ ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది ఇది: ఎంబీఏలో స్టార్‌బక్స్ మీద కేస్ స్టడీ ఇచ్చారు. వ్యూహానికి సంబంధించిన సమస్యలు ఒక భాగంగా, ఐటీ సమస్యలు ఇంకో భాగంగా రాయమన్నారు. నెట్‌లో దొరికేదంతా ఒకేలా ఉంది కాబట్టి ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్పమన్నారు.

నేను స్టార్‌బక్స్‌లో పనిచేయలేదు. హైదరాబాద్‌లో కూర్చుని తొమ్మిదేళ్లపాటు అమెరికా రెస్టారెంట్ చెయిన్‌ల బిల్లింగ్ సిస్టమ్‌లకు సపోర్ట్ ఇచ్చాను. వాటిలో ఒకటి కాఫీ చెయిన్. దాని పేరు చెప్పను. ఆ అనుభవంతో నేను చెప్పగలిగేది ఒకటే: ఈ రెండు భాగాలను విడదీస్తే మీ కేస్ స్టడీ మిగతావాళ్లు రాసినట్టే తయారవుతుంది. స్టార్‌బక్స్‌కు వచ్చిన పెద్ద ఇబ్బందుల్లో చాలావరకు ఐటీ నిర్ణయంగా మొదలై "అసలు మనది ఎలాంటి షాపు?" అనే ప్రశ్న దగ్గరికి వెళ్లి ఆగాయి.

మొబైల్ ఆర్డర్‌నే తీసుకోండి. 2014 డిసెంబరులో పోర్ట్‌లాండ్‌లో మొదలుపెట్టి 2015 సెప్టెంబరుకల్లా అమెరికా అంతటా తెచ్చారు. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి, డబ్బు కట్టి, షాపుకు వెళ్లి కప్పు తీసుకోవడమే. జనానికి బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, పీక్ అవర్‌లో ఆర్డర్లలో 20 శాతానికి మించి ఫోన్ నుంచే వచ్చే షాపులు ఒక్క ఏడాదిలో 13 నుంచి 1,200కు పెరిగాయి. 2017 జనవరిలో కంపెనీయే ఒప్పుకుంది: కప్పులు తీసుకునే చోట రద్దీ చూసి, లోపలికి వచ్చినవాళ్లు కొందరు ఏమీ కొనకుండా వెళ్లిపోతున్నారని. యాప్ బాగా పనిచేసింది కాబట్టే అమ్మకాలకు దెబ్బ తగిలింది. మీ కేస్ స్టడీకి ఇంతకంటే మంచి ప్రారంభం దొరకదని నా అభిప్రాయం.

అది ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. ఆన్‌సైట్‌కు వెళ్లినప్పుడు మా క్లయింట్ షాపు ఒకదానిలో, డాలస్ శివార్లలో, ఉదయం ఆరు నుంచి పది దాకా కౌంటర్ వెనక నిలబడ్డాను. ఎస్‌ప్రెసో మెషిన్ పక్కన చిన్న ప్రింటర్ ఉంటుంది. ఆర్డర్ రాగానే కప్పుకు అంటించే స్టిక్కర్ అందులోంచి వస్తుంది. ఏడున్నరకు ఆ స్టిక్కర్ల రోల్ తెగకుండా వేలాడి బరిస్టా (కాఫీ చేసే అమ్మాయి) మోకాలి దాకా దిగింది. ఆ అమ్మాయి ఒక స్టిక్కర్ చింపి కప్పుకు అంటించేలోపు కింద ఇంకో రెండు వస్తున్నాయి. ఎదురుగా నిలబడ్డ మనుషులు ఐదుగురే. వాళ్లకు ఆ రోల్ కనిపించదు. "ఐదుగురమే ఉన్నాం, పావుగంట పడుతుందేంటి" అని వాళ్ల ముఖాల్లో చిరాకు. వాళ్లకంటే ముందు ఇరవై మంది తమ కార్లలో కూర్చుని ఉన్నారన్న సంగతి ఆ అమ్మాయికి మాత్రమే తెలుసు. ఆ ఆర్డర్లను ఒకదాని వెంట ఒకటి పంపే సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఇస్తున్నది మేమే. అందులో "ఈ షాపులో ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, ఇంకెన్ని కప్పులు చేయగలరు" అని అడిగే చోటు ఎక్కడా లేదు. ఆర్డర్ ఎప్పుడు వస్తే అప్పుడే ప్రింట్. ఆ రోజు తర్వాత స్టోర్ నుంచి వచ్చే ఏ ఫోన్ కాల్‌నూ నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఈ సమస్య యాప్‌తోనే పుట్టింది కాదు. 2007 ఫిబ్రవరిలో స్టార్‌బక్స్ అప్పటి చైర్మన్, అంతకుముందు సీఈఓగా చేసిన హోవార్డ్ షుల్ట్జ్ కంపెనీ పెద్దలకు రాసిన మెమో బయటికి వచ్చింది, తప్పక చదవండి. వేగం కోసం తెచ్చిన ఆటోమేటిక్ ఎస్‌ప్రెసో మెషిన్లు ఎత్తుగా ఉండి, కాఫీ చేసే మనిషి కస్టమర్‌కు కనపడకుండా పోయాడని, తాజాదనం కోసం వాడిన ప్యాకింగ్ వల్ల షాపులో కాఫీ వాసనే పోయిందని బాధపడతాడు. విడివిడిగా చూస్తే ఏ నిర్ణయమూ తప్పు కాదు, అన్నీ కలిసి షాపును మార్చేశాయి. మరుసటి ఏడాది జనవరిలో ఆయన మళ్లీ సీఈఓగా వచ్చి, ఫిబ్రవరి 26 సాయంత్రం అమెరికాలోని సుమారు 7,100 షాపులు మూసేసి ఎస్‌ప్రెసో ఎలా తీయాలో మళ్లీ నేర్పించాడు. అదే ఏడాది 600 షాపులు మూసేస్తామని కూడా ప్రకటించారు.

ఇక అచ్చంగా ఐటీ ప్రమాదాల సంగతి. 2015 ఏప్రిల్ 24, శుక్రవారం, రోజూ చేసే సిస్టమ్ రిఫ్రెష్ విఫలమై అమెరికా, కెనడాల్లో వేల షాపుల్లో బిల్లింగ్ ఆగిపోయింది. కొన్ని చోట్ల కాఫీ ఉచితంగా ఇచ్చి షాపు మూసుకున్నారు. బయటి హ్యాకర్ ఎవరూ లేరు. రోజూ జరిగే మామూలు పనే.

ఇలాంటిది మాకూ జరిగింది. కొత్త సీజన్ డ్రింకుల మెనూ ఫైల్ రాత్రికి రాత్రి షాపులకు వెళ్లింది. అందులో ఒక డ్రింకుకు పన్ను కాలమ్ ఖాళీగా ఉంది. మనకు మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ షాపులు తెరుస్తారు. మూడింటికల్లా మూడు వందల షాపుల్లో బిల్లు క్లోజ్ కావడం లేదు. ఆఫ్‌లైన్ మోడ్‌లోకి మారమని స్టోర్లకు చెప్పాం. అదీ పనిచేయలేదు, ఎందుకంటే ఆఫ్‌లైన్ మోడ్ కూడా రాత్రి వచ్చిన ఆ మెనూ ఫైల్‌నే చదువుతోంది. ఒక స్టోర్ మేనేజర్ ఫోన్‌లో అరవలేదు, మెల్లగా "నా ముందు ఇరవై రెండు మంది ఉన్నారు, ఏం చెప్పమంటారు?" అంది. పాత ఫైల్ వెనక్కి పంపడానికి 47 నిమిషాలు పట్టింది. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే "బ్యాకప్ ఉంది" అని ఎవరైనా చెబితే, ఆ బ్యాకప్ దేని మీద ఆధారపడి నడుస్తుందో అడుగుతాను. మీరూ అడగండి.

బయటి వెండర్ల సంగతి కూడా కలపండి. 2024 నవంబరులో బ్లూ యాండర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద ర్యాన్సమ్‌వేర్ దాడి (సిస్టమ్‌లను స్తంభింపజేసి డబ్బు అడిగే దాడి) జరిగింది. అప్పట్లో స్టార్‌బక్స్ ఉద్యోగుల షిఫ్టులు, పనిగంటల లెక్క దాని సాఫ్ట్‌వేర్ మీదే నడిచేది. మేనేజర్లు గంటలు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. దాడి ఇంకెవరి మీదో, జీతం సరిగ్గా పడుతుందా అన్న భయం మాత్రం స్టార్‌బక్స్ బరిస్టాది.

కార్డుల డబ్బు ఇంకో కోణం. రివార్డ్స్ కార్డుల్లో, యాప్‌లో జనం ముందుగానే వేసి ఉంచిన సొమ్ము 150 కోట్ల డాలర్లకు పైనే ఉంటుంది. వడ్డీ లేకుండా కంపెనీ చేతిలో ఉండే డబ్బు అది. బలమే, కానీ అంత డబ్బు ఉన్నచోట దొంగలూ ఉంటారు. 2015లో కొందరి యాప్ ఖాతాల్లోకి ఎవరో చొరబడ్డారు. బ్యాలెన్స్ అయిపోతే బ్యాంకు కార్డు నుంచి దానంతటదే నింపుకునే ఆటో రీలోడ్‌ను వాడి మళ్లీమళ్లీ డబ్బు లాగారు. తమ సిస్టమ్‌లోకి ఎవరూ రాలేదని, వేరే చోట్ల వాడిన పాస్‌వర్డులే ఇక్కడా వాడటం వల్ల జరిగిందని కంపెనీ చెప్పింది. అది నిజమే కావచ్చు. డబ్బు పోయిన కస్టమర్‌కు మాత్రం ఆ తేడాతో పనిలేదు.

చైనాకు ఒక పేరా తప్పనిసరిగా ఇవ్వండి. 2017లో పుట్టిన లకిన్ కాఫీ మొదటి నుంచీ యాప్‌లోనే ఆర్డర్ తీసుకుంది. కూర్చునే చోటు పెద్దగా ఉండని చిన్న షాపులు, తక్కువ ధర. 2020లో అమ్మకాల లెక్కలు తప్పుగా చూపిన కుంభకోణం బయటపడి, అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజ్ నాస్‌డాక్ నుంచి తొలగించినా అది మళ్లీ లేచింది. 2023 జూన్‌కు 10,000 షాపులు దాటింది. 9.9 యువాన్లకే కాఫీ అమ్మింది. అవతల స్టార్‌బక్స్ ఖరీదైన చోట్ల పెద్ద షాపులకు అద్దె కడుతూ అదే యాప్ యుద్ధంలో దిగాల్సి వచ్చింది. చివరికి 2025 నవంబరులో చైనా వ్యాపారంలో 60 శాతం దాకా వాటాను బోయు క్యాపిటల్ అనే చైనా పెట్టుబడి సంస్థకు ఇచ్చేందుకు ఒప్పందం ప్రకటించింది. లకిన్ టెక్నాలజీలో మాయ ఏమీ లేదు. షాపు, ధర, యాప్ మూడూ ఒకే ఉద్దేశంతో కట్టినవి. స్టార్‌బక్స్‌లో మాత్రం కూర్చునే షాపు మీద తీసుకెళ్లే షాపును తర్వాత అతికించారు.

2024 సెప్టెంబరులో సీఈఓగా వచ్చిన బ్రయాన్ నికోల్ చేస్తున్నది ఈ అతుకును సరిచేసే పనే అనుకుంటున్నాను. మెనూ తగ్గించడం, కూర్చునేవాళ్లకు పింగాణీ కప్పులు, ఆర్డర్ నాలుగు నిమిషాల్లో చేతికి అందాలన్న లక్ష్యం, కేవలం పికప్ కోసం పెట్టిన షాపుల పద్ధతిని ఆపేయడం. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఏ ఆర్డర్ ముందు చేయాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్. ముందు వచ్చింది ముందు అనే పాత పద్ధతి వదిలి, ఫోన్ ఆర్డర్లనూ ఎదురుగా ఉన్న మనిషినీ కలిపి చూసి వరుస కడుతుంది. డాలస్‌లో ఆ అమ్మాయి మోకాలి దాకా వేలాడిన రోల్ చూసినరోజు నేను వెతికింది ఇదే. పదేళ్ల కిందటే రావాల్సింది.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నానన్నారు కాబట్టి ఒక పని చేయండి. ఇక్కడ స్టార్‌బక్స్‌ను నడిపేది టాటాలతో కలిసి పెట్టిన జాయింట్ వెంచర్, 2012 అక్టోబరులో ముంబైలో మొదలైంది, కాబట్టి అమెరికా అంకెలను ఇక్కడికి అంటగట్టకండి. ఆదివారం సాయంత్రం ఏదైనా బిజీ కాఫీ షాపులో పికప్ కౌంటర్ దగ్గర గంటసేపు కూర్చోండి. డెలివరీ బాయ్‌లు ఎంతమంది వచ్చారు, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు ఆగారు, లోపల కూర్చున్నవాళ్ల ఆర్డర్ ఎప్పుడు వచ్చింది రాసుకోండి. ఆ కాగితం ఫోటో ఇక్కడ పెడితే, దాంట్లో ఏం కనిపిస్తుందో ఇద్దరం కలిసి చూద్దాం.