బొమ్మ బాగుంది, దర్జీకి అర్థమవుతుందా?

ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్న అమ్మాయి తండ్రి రాశారు, పుస్తకం తీయకుండా వాటర్ కలర్స్‌తో స్టేజీ డ్రెస్సులు వేస్తూ కూర్చుంటోందట, ఇది కూడు పెడుతుందా అని ఆయన టెన్షన్. కూచిపూడి భామాకలాపం కోసం ఆమె వేసిన సత్యభామ డ్రెస్ ఫోటో కూడా పంపారు.

సర్, ముందు బొమ్మ సంగతి. పట్టు మెరుపు కోసం తెల్లరంగు పూయలేదు, అక్కడ కాగితాన్నే వదిలేసింది, ఆ ఓపిక ఈ వయసులో అందరికీ ఉండదు. సత్యభామ జడ మర్చిపోలేదు, అది నాకు ఇంకా నచ్చింది. కానీ బొమ్మలో మనిషి నిటారుగా నిలబడి ఉంది. అరమండిలోకి, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమలోకి దిగగానే ముందున్న కుచ్చిళ్ళు, డాన్స్ వాళ్ళు ఫ్యాన్ అంటారే, అవి విసనకర్రలా విచ్చుకోవాలి కదా, ఎన్ని మడతలు పెట్టాలో, ఎక్కడ కుట్టి ఆపాలో చూసేవాళ్ళకి తెలియట్లేదు. వెనక వైపు వేయలేదు, హుక్కులు చూపలేదు, పక్కన గుడ్డ ముక్క ఒక్కటీ అంటించలేదు. ఆ ఆకుపచ్చ అంచు ఎర్ర లైటు పడితే దాదాపు నల్లగా కనబడుతుంది, అది కూడా చెప్పండి.

చదువంటారా, ఎంపీసీ అడ్డేమీ కాదు, ఏ గ్రూపు వాళ్ళైనా నిఫ్ట్ అనే కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నాలుగేళ్ల డిజైన్ డిగ్రీకి ఎంట్రన్స్ రాయొచ్చు, హైదరాబాద్ క్యాంపస్ మాదాపూర్‌లోనే ఉంది. బొమ్మల మీదే మనసుంటే హైదరాబాద్‌లోనే జేఎన్ఏఎఫ్ఏయూ, అంటే జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ అనే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. నాటకమే కావాలంటే డిగ్రీ అయ్యాక, కొన్ని నాటకాలకి పనిచేశాక, ఢిల్లీ ఎన్ఎస్‌డీ, అంటే నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది, అందులో రంగస్థల డిజైన్ నేర్పుతారు. మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చిన భాను అథైయా, 1983లో 'గాంధీ' సినిమా దుస్తులకి, ముంబై జేజే స్కూల్‌లో పెయింటింగ్ నేర్చుకున్న మనిషే.

డబ్బు గురించి దాచను. నాటకాలు, డాన్స్ ప్రోగ్రాములు మాత్రమే నమ్ముకుంటే మొదటి కొన్నేళ్లు నెలనెలా జీతంలా రాదు. సినిమాలు, సీరియళ్ళు, పెళ్ళి బట్టలు కూడా చేస్తేనే ఇల్లు గడుస్తుంది. అందుకే ఇంటర్ పరీక్షలు శ్రద్ధగా రాయమనండి, ఇంటర్ పాసవకుండా వీటిలో ఏ తలుపూ తెరుచుకోదు.

పరీక్షలయ్యాక కోచింగ్ కంటే ముందు డాన్స్ డ్రెస్సులు కుట్టే దర్జీ దగ్గర రెండు నెలలు కూర్చోబెట్టండి సర్. ఇదే సత్యభామని అరమండిలో, వెనక నుంచి కూడా వేసి ఆయన చేతిలో పెట్టమనండి. ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఆ కాగితం అంచునే రాసుకుని నాకు పంపమనండి.