‘ఇంట్లనే ఉంటది’ అన్న ఆమె ఏ గడిలోకి వస్తుంది?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం మా ఊరి కుటుంబాలను తల్లిదండ్రులిద్దరూ పనిచేసేవి, ఒక్కరే చేసేవి, ఎవరూ చేయనివి అని జనగణన పద్ధతిలో విడదీయాలి. చాలా ఇళ్ళల్లో ‘ఆమె ఏం పని చెయ్యదు, ఇంట్లనే ఉంటది’ అంటున్నారు. ఏం రాయాలి? – డిగ్రీ విద్యార్థిని, చండూరు, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ మాటను అలాగే రాసుకోకండమ్మా. పని వివరం జనగణనలో ఇంటికొకటి ఉండదు, ప్రతి మనిషికీ విడిగా అడుగుతారు. గడచిన ఏడాదిలో ఆరు నెలలు (183 రోజులు), ఆపైన పనిచేస్తే మెయిన్ వర్కర్, తక్కువైతే మార్జినల్ వర్కర్. కూలి ముట్టిందా లేదా అన్నది చూడరు. సొంత చెల్కలో కలుపు తీసినా పనే. ఇంటి బర్రె పాలు ఇంట్లోకే వాడుకున్నా 2001, 2011 నిర్వచనాల ప్రకారం అది పనే. వంట, పిల్లల పెంపకం మాత్రం లెక్కకు రావు.

మీ దగ్గరి మగ్గం ఇళ్ళే చూడండి. మగ్గం మీద భర్త కూర్చుంటాడు. ఆసు పోసేది (నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చేది), కండెలకు దారం చుట్టేది ఆమె. ఒక్క చీర ఆసుకే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆమెకు ఎవరూ కూలి లెక్కగట్టరు, అయినా జనగణనలో ఆమె గృహపరిశ్రమ కార్మికురాలే. ఆ గడిలో ‘ఇంటి పని’ అని పడిందంటే ఇద్దరు కష్టపడే ఇల్లు ఒక్కరి సంపాదన ఇల్లుగా మారిపోతుంది.

అందుకే ‘పని చేస్తారా’ అని కాదు, కాలాలవారీగా అడగండి. వీలైతే ఆమెనే అడగండి. పత్తి ఏరుడు 45 రోజులు, కలుపు 30, ఉపాధి హామీ 100 అనుకుందాం. మొత్తం 175, మార్జినల్. రోజూ బర్రె పాలు పిండుతుందని తెలిస్తే 183 దాటి మెయిన్ అవుతుంది. ఒకే రోజు రెండు పనులుంటే ఒక్క రోజుగానే లెక్క.

తండ్రికి మూడు స్థితులు (మెయిన్, మార్జినల్, పనిచేయని), తల్లికి మూడు, మొత్తం తొమ్మిది గడులు. మార్జినల్ తల్లిని ‘పనిచేయని’ వైపు కలిపేయొద్దు. ఒంటరి తల్లి, ఒంటరి తండ్రి ఉన్న ఇళ్ళకు విడి పట్టిక వేయండి.

ఉమ్మడి కుటుంబంలో ఇంకో చిక్కుంది. జనగణన ఫారంలో ఇంటి పెద్దతో చుట్టరికమే రాస్తారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, నలుగురు మనుమలు ఉంటే ఏ పిల్లవాడు ఎవరి బిడ్డో కాగితం మీద తెలియదు. మీ ఫారంలో పిల్లల పేర్ల పక్కన తల్లి వరుస నంబరు, తండ్రి వరుస నంబరు అని రెండు గడులు పెట్టుకోండి.

ప్రశ్న: తల్లిదండ్రులు పుణెకు మట్టిపనికి పోయారు, పిల్లలు అవ్వ, తాతల దగ్గరున్నారు. ఇది ఏ రకం కుటుంబం? – అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ‘తల్లిదండ్రులు ఇక్కడ లేరు’ అని వేరే గడి కావాలి. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్కించారు. ఆ రోజులన్నీ బయటే ఉన్నవాళ్ళ పేర్లు సొంతూరిలో ఎక్కలేదు, ఉన్నచోటే రాశారు. పాలమూరు వలసకు అది నిండు కాలం. ఊళ్ళోని పట్టికలో తల్లీతండ్రీ కనబడరు గనక ఆ ఇంటిని ‘ఎవరూ పనిచేయనిది’ అనేస్తే, అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేవాళ్ళనే పనిలేనివాళ్ళుగా చూపినట్టవుతుంది. రాబోయే జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, మళ్ళీ వలస కాలమే. మీరు సొంతంగా సర్వే చేస్తుంటే జూన్‌లో, విత్తనాలు పెట్టే వేళ పెట్టుకోండి. అప్పుడు చాలామంది ఇంటి దగ్గరే దొరుకుతారు.